ముక్కాలమ్మకు మూడు నామాలు

"గాలి బాగుంది. మద్యం ఆవిరి ఉంది. తాతబ్బాయి గారూ, ఇది రెండోసారి."

రామాలయం మైకులోంచి ఈ ముక్క ఊరంతా వినబడేసరికి పేరంటాలు చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది. పెనం మీద అట్టు మాడింది. ఆ మాడు వాసన కూడా యంత్రం పసిగట్టి మైకులో చెప్పేస్తుందేమోనని ఆవిడ కిటికీ మూసేసింది. అప్పటికి పీతలంకలో అందరి సంగతీ అలాగే ఉంది.

ఆ యంత్రాన్ని ఊరికి తెచ్చింది డాక్టర్ నీలవేణి గారు. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు, వాయువుల మీద పరిశోధన చేసిన డాక్టరు. ఆ తేడా తెలియక మొదటిరోజు సగం ఊరు ఆవిడకి మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంది. ఆవిడ ఓపిగ్గా విని, ఎండలో నడవమని చెప్పింది. కొందరికి తగ్గింది కూడా.

పీతలంకలో వీధి దీపం దగ్గర్నుంచి ప్రెసిడెంటు గనిరాజు గారి ఏసీ దాకా అన్నీ ఊరి గ్యాసు మీదే నడుస్తాయి. రొయ్యల చెరువుల్లో తేలిన చెత్త, పేడ, పెళ్ళిళ్ళలో మిగిలిపోయిన సాంబారు, ఊళ్ళో కుళ్ళగలిగినదంతా ఊరి చివర పెద్ద తొట్టిలో పడుతుంది. అక్కడ కుళ్ళి గ్యాసవుతుంది, ఆ గ్యాసు కరెంటవుతుంది. తొట్టిని చిలకడానికి లోపల ఇనప కవ్వం ఒకటి ఉంది. అది మొరాయిస్తే పక్కనున్న లోతు గుంటలోకి మనిషి దిగి బాగుచెయ్యాలి. ఆ మనిషి పేరంటాలు మొగుడు తాతబ్బాయి. మంచి పనివాడు. పొద్దున్నపూట ఇంకా మంచి పనివాడు.

పక్క ఊరు మొల్లేరులో ఇలాంటి గుంటలోనే ఒకడు పడిపోతే, వాణ్ణి తీద్దామని తమ్ముడు దిగాడు, తమ్ముణ్ణి తీద్దామని బావమరిది దిగాడు, ముగ్గురూ పైకి రాలేదు. ఆ తర్వాతే ప్రభుత్వం నీలవేణి గారి యంత్రాన్ని ఊరూరా పెట్టింది. కొత్త రూలు కూడా పెట్టింది. మనిషి గుంటలోకి దిగగానే పైన ఇనప కమ్మీల తలుపు పడుతుంది, ఇంక ప్రేమ కొద్దీ ఎవడూ వెనకాల దూకడానికి లేదు. దిగినవాడి బెల్టుకి కట్టిన తాడు కరెంటు గిలక మీద ఉంటుంది. ఆ గిలక పైనున్న మనిషి మాట వినదు. గాలి చెడిందని యంత్రం చెబితే లాగుతుంది, లేదా దిగినవాడు యంత్రంతో స్పష్టంగా "పైకి" అంటే లాగుతుంది. పైనున్నవాళ్ళ కంగారుకి దాంట్లో చోటులేదు. కంగారు వల్లే మనుషులు చస్తున్నారని ప్రభుత్వం వేసిన కమిటీ వారు తేల్చారు.

యంత్రం అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, నడుముకి కట్టుకోవచ్చు. ముందువైపు నాలుగు కన్నాలు. పైన వరసగా మూడు, కింద మధ్యలో ఒకటి. నీలవేణి గారు వాటిని సెన్సర్లన్నారు. ఊరి ఆడవాళ్ళు పైవాటిని నొసలన్నారు, కిందిదాన్ని నోరన్నారు. యంత్రానికి ఆవిడ పెట్టిన ఇంగ్లీషు పేరు చాలా పొడుగు, అది ఎవరికీ నోరు తిరగలేదు. వాసన పట్టేది కాబట్టి, ఆడగొంతుతో మాట్లాడుతుంది కాబట్టి, ముక్కాలమ్మ అన్నారు. పూజారి గారు అభ్యంతరం చెప్పలేదు. కొత్త దేవత అంటే కొత్త పళ్ళెం.

మొదటిరోజు రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి నీలవేణి గారు అందరికీ పాఠం చెప్పింది.

కింది కన్నం ఆక్సిజన్‌ది. దాని వెనక చిన్న బ్యాటరీ లాంటిది ఉంటుంది. లోపలికొచ్చే ఆక్సిజన్‌నే తిని కరెంటు పుట్టిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే దాని తిండి తగ్గుతుంది, కరెంటు పడిపోతుంది, యంత్రం అరుస్తుంది. పై వరసలో మొదటిది మండే వాయువులది. అందులో వేడెక్కి ఉండే పూస ఒకటుంది. మీథేన్ లాంటిది తగిలితే అది పూస మీదే కొంచెం మండుతుంది, పూస ఇంకా వేడెక్కుతుంది, ఆ తేడాని యంత్రం లెక్క కడుతుంది. మిగిలిన రెండింట్లోనూ రసాయనం ఉంటుంది, విషవాయువు తగిలితే అందులో రవ్వంత కరెంటు పుడుతుంది. ఒకటి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి, రెండోది కుళ్ళు గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి.

"కంపు కొట్టేదానికి యంత్రం ఎందుకమ్మా, మాకు ముక్కుల్లేవా?" అన్నారు గనిరాజు గారు. ఊళ్ళో అందరికన్నా పెద్ద ముక్కు ఆయనదే కాబట్టి ప్రశ్న న్యాయంగానే ఉంది.

"ఈ వాయువు మొదట చంపేది ముక్కునేనండీ," అంది నీలవేణి గారు. "కొంచెం ఉన్నప్పుడు కంపు తెలుస్తుంది. ఎక్కువయ్యాక తెలియడం మానేస్తుంది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు, మన ముక్కు పోయిందని. ఆ తర్వాత మనం."

గనిరాజు గారు తన ముక్కు తడుముకున్నారు. తర్వాత ఎవరో టీలు వచ్చాయన్నారు.

తాతబ్బాయికి ఆ పాఠమంతా బట్టీ పట్టించింది పేరంటాలే. అన్నం ముందు పెట్టుకుని కూర్చుని, చెబితేనే పులుసు వేసేది. యంత్రాన్ని శుభ్రమైన గాలిలో ఆన్ చేసి, అది సర్దుకునేదాకా ఆగాలి. చిన్న సీసాలోని కంపు గ్యాసు చూపించి అరుస్తుందో లేదో చూడాలి. అరవని యంత్రాన్ని నమ్మకూడదు. తర్వాత తాడుతో గుంటలోకి దించి పైన, మధ్యన, అడుగున ఆపి ఆపి చూడాలి, ఎందుకంటే తేలిక వాయువు పైన తేలుతుంది, బరువైనది అడుగున పొంచి ఉంటుంది. అంతా బాగుంటేనే మనిషి దిగాలి. అలా పులుసు కోసం ఆయన నేర్చుకున్నది ఆవిడకే ఎక్కువ వచ్చింది.

చిక్కంతా సారా దగ్గర వచ్చింది. సారా ఆవిరి కూడా మండేదే, పూసకి తగులుతుంది. తాగినవాడు గుంటలోకి దిగకూడదని నీలవేణి గారు పై మూడు కన్నాల లెక్కలూ పోల్చి అది ఏ ఆవిరో చెప్పేలా యంత్రానికి నేర్పింది. మూడుసార్లు పట్టుబడితే పని పోతుంది. ఆ చెప్పేదేదో ఊరంతటికీ తెలియాలని గనిరాజు గారు దాన్ని రామాలయం మైకుకి కలిపించారు. శనివారాలు ఒంటిపూట ఉపవాసం ఉండే గనిరాజు గారి ప్రహరీ పక్కనుంచి తాతబ్బాయి ఒక శనివారం రాత్రి నడిచి వెళ్తే అది "కాగిన నూనె, చేప" అని మైకులో చెప్పింది. గనిరాజు గారు అప్పట్నుంచి సైన్సు గురించి తక్కువ మాట్లాడుతున్నారు. నిజం చెప్పాలంటే ఇలాంటి సమాచారం ఊళ్ళో ఇదివరకూ అందేది, కానీ మనుషుల ద్వారా, కొంచెం మర్యాదగా, వీపు వెనక అందేది.

దసరా వచ్చింది. ఆయుధపూజకి గుంట పక్కనే పందిరి వేశారు. ట్రాక్టర్లు, చెరువుల్లో తిరిగే గాలి చక్రాలు, కుట్టు మిషన్లు, అన్నిటికీ మధ్య ఎత్తు పీట మీద ముక్కాలమ్మ. పొద్దున్నే తాతబ్బాయి సీసా గ్యాసుతో పరీక్ష చేశాడు, అది చక్కగా అరిచింది. ఆ తర్వాత బావమరిదిని పలకరించి వస్తానని తోటలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు నడక చూసి పేరంటాలుకి అర్థమైపోయింది. బావమరిది చాలా ఆప్యాయంగా పలకరించాడు.

ఇంకాసేపట్లో హారతి. పనివాడు కాబట్టి తాతబ్బాయే ముందొచ్చి పీట దగ్గర నిలబడాలి. ముక్కాలమ్మ ఊపిరి తీసుకుని మూడోసారి అంటుంది. మైకు ఊరంతటికీ చెబుతుంది. పని పోతుంది, పోయిన పని పక్కవాడికి వెళుతుంది, తాతబ్బాయి పొద్దున్నపూట కూడా తాగేవాడైపోతాడు.

పేరంటాలు అలంకారం చేసే ఆడవాళ్ళలో దూరి పళ్ళెం అందుకుంది. తిరుమణి, అంటే నామాలు పెట్టే తెల్లమట్టి, తడిపి ఉంది. గడపకి పూసినట్టు యంత్రం ముఖమంతా పూసేసింది. వెంటనే ముక్కాలమ్మ, "ఆక్సిజన్ తగ్గుతోంది" అంది. పేరంటాలు పళ్ళెం కింద పెట్టేసింది. గబగబా కింది కన్నం ఒక్కటీ కొంగుతో తుడిచింది. మట్టి దాని అంచులకే అంటింది, లోపలికి పోలేదు. "గాలి బాగుంది" అని ముక్కాలమ్మ ఊరుకుంది. నోటికి గాలి అందితే చాలన్నమాట. మిగిలిన మూడు కన్నాల మీదా నిలువుగా మూడు నామాలు తీర్చింది. అటూ ఇటూ తెలుపు, మధ్యలో ఎరుపు. చూసినవాళ్ళు కళగా ఉందన్నారు.

హారతికి తాతబ్బాయి వచ్చాడు. ముక్కాలమ్మ ముఖం ముందే నిలబడి గోవిందా అన్నాడు. ముక్కాలమ్మ ఏమీ అనలేదు. పేరంటాలు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. రేపు తెల్లారగానే వచ్చి తుడిచేస్తానని మొక్కుకుంది. దానికేం భయం లేదు. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజు ఎవరూ ముట్టుకోరు.

అది మామూలు ఊళ్ళలో. పీతలంకలో భక్తి ఎక్కువ. పూజ అయ్యాక కొట్టిన కొబ్బరికాయల పీచూ, బంతి దండలూ పారేస్తే పాపమని ఎవరో అన్నీ తొట్టిలో వేశారు. సాయంత్రానికి పీచు కవ్వానికి చుట్టుకుంది. కవ్వం ఆగింది, ఊరేగింపుకి కట్టిన దీపాలు ఒక్కొక్కటే మినుకుమినుకుమన్నాయి. దీపాలు లేకపోతే తన కొత్త పంచె ఎవరికీ కనిపించదని గనిరాజు గారు తాతబ్బాయికి కబురు పెట్టారు. ముక్కాలమ్మని పీట మీదనుంచి తీయొచ్చా అని పూజారి గారిని అడిగితే, నిమ్మకాయతో దిష్టి తీసి కదపొచ్చన్నారు. మళ్ళీ సీసా గ్యాసు పరీక్ష చెయ్యాలి కదా అన్నాడు తాతబ్బాయి. అమ్మవారి పందిట్లో కుళ్ళు కంపేమిటని పూజారి గారు కసిరారు. పొద్దున్న చేశావుగా అన్నారు గనిరాజు గారు. చేశాడు, నిజమే.

పేరంటాలు ఇంట్లో బూరెలు వేస్తోంది. మైకు పలికింది. "పైన గాలి బాగుంది. మధ్యన గాలి బాగుంది. అడుగున గాలి బాగుంది." ఆవిడ మొదట ఏదో పాత రికార్డింగనుకుంది. తర్వాత తాతబ్బాయి గొంతు, దిగుతున్నానండీ అని. బూరె నూనెలో నల్లబడుతోంది. మనిషి పూటుగా తాగి ఉన్నాడు, యంత్రం నడుముకి కట్టుకున్నాడు, యంత్రం గాలి బాగుందనే అంటోంది.

ఆవిడ పొయ్యి కూడా ఆపకుండా పరిగెత్తింది. దారిలో చెప్పు ఒకటి ఊడింది. దాని గురించి ఊళ్ళో తర్వాత చాలా మాట్లాడుకున్నారు.

గుంట దగ్గరికి వచ్చేసరికి ఇనప తలుపు పడిపోయి ఉంది. కింద దీపం వెలుతుర్లో తాతబ్బాయి కత్తితో పీచు కోస్తున్నాడు. పీచు ఊడినకొద్దీ దాని వెనక ఆగిన మురుగు బుడబుడమంటూ గుంటలోకి వస్తోంది. పైన జనం, మైకులో తాతబ్బాయి గొంతు.

"ఇందాక కుళ్ళు గుడ్ల కంపు కొట్టిందండీ. ఇప్పుడు పోయింది. హాయిగా ఉంది."

పైనున్నవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. ఆ పాఠం పేరంటాలుకి బట్టీ వచ్చు. పైకి లాగండి, పైకి లాగండి అని గనిరాజు గారి చెయ్యి పట్టుకుంది. ప్రెసిడెంటు గారి చెయ్యి ఆ ఊళ్ళో ఆడవాళ్ళెవరూ అంతకుముందు పట్టుకోలేదు, అంటే అందరూ చూస్తుండగా పట్టుకోలేదు.

"యంత్రం బాగుందంటోంది కదమ్మా," అన్నారాయన, చెయ్యి విడిపించుకుంటూ.

ఇంక దాచడానికి ఏమీ లేదు. పందిట్లో మైకు వింటోందని తెలిసే చెప్పింది. "దాని ముక్కు నేనే మూశానండీ. ఆయన తాగాడని చెప్పకుండా మట్టి పెట్టాను. అది గాలి చూడట్లేదండీ, అది ఏమీ చూడట్లేదు."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈవిడకి భయంతో మతి పోయిందన్నారు ఒకరు. అమ్మవారి నామాలని మట్టి అంటుందేమిటని ఇంకొకరు నొచ్చుకున్నారు. కొందరు నమ్మారు, గిలకని చేత్తో తిప్పబోయారు. అది కదల్లేదు. కమిటీ వారు చాలా గట్టిగా చేయించారు. తలుపు తాళం కాకినాడలో ఆఫీసరు దగ్గరుంది, ఆఫీసరు పండక్కి వాళ్ళత్తారింట్లో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. నీలవేణి గారి ఫోను మోగుతూనే ఉంది.

పేరంటాలు ఇనప తలుపు మీద బోర్లా పడుకుని కమ్మీల సందులోంచి అరిచింది. "మావా, పైకి అను. దానితో పైకి అను."

కింద తాతబ్బాయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కత్తి చేతిలోంచి జారింది. "ఫై..." అన్నాడు. నాలుక మందమైపోయింది.

"మాట అర్థం కాలేదు," అంది ముక్కాలమ్మ. "దయచేసి మళ్ళీ చెప్పండి."

"ఫ... హై..."

"మాట అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి. గాలి బాగుంది."

ఊరంతా మైకులో ఆ మాటలే. ఊరేగింపు డప్పులు ఆగిపోయాయి. తుడిచేయమంటే ఎండిన మట్టి ఊడుతుందా, ఊడినా లోపలికి గాలి ఎప్పటికి పోతుంది. పేరంటాలు నుదురు కమ్మీకేసి కొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న పూసినప్పుడు అది ఏమందో.

"మావా. ఇటు చూడు. నీ బొటనవేలు దాని నోట్లో పెట్టు."

ఆయన తలెత్తాడు. ఎక్కడో దూరం నుంచి వింటున్నట్టు చూశాడు. "కరుస్తుందే," అన్నాడు.

"కరవదు. కరిస్తే నేనున్నాను కదా. నోరు మూసెయ్ దానిది. గట్టిగా అదిమి పట్టు."

ఆయన చెయ్యి నడుం దాకా వెళ్ళి ఆగింది. వేలు తడుముకుంది. నామాల మీద ఒకసారి ఆగి, భక్తిగా వెనక్కి వచ్చింది. పేరంటాలు ఆయన్ని తిట్టింది. మొగుణ్ణి తిట్టగలిగినవన్నీ తిట్టింది, ఊరంతా విని నేర్చుకుంది. వేలు కిందికి జారి కన్నం మీద పడింది. పడి, అక్కడే ఉంది.

"ఆక్సిజన్ తగ్గుతోంది," అంది ముక్కాలమ్మ. "ఆక్సిజన్ ప్రమాదకర స్థాయి. పైకి లాగుతున్నాను."

గిలక తిరిగింది, తలుపు దానంతటదే లేచింది.

తాతబ్బాయి బతికాడు. చాన్నాళ్ళు ఆసుపత్రిలో ఉన్నాడు. మాట కొంచెం నెమ్మదించింది, వాసన మాత్రం పూర్తిగా పోయింది. సారా నోట్లో పోసుకుంటే నీళ్ళలా ఉందని ఏడ్చాడు.

విచారణకి కమిటీ వచ్చింది. యంత్రం తనలో దాచుకున్న అంకెలు చూసింది. గుంటలో హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట్నుంచి చివరిదాకా సున్నా. ఆక్సిజన్ హఠాత్తుగా తగ్గింది, యంత్రం గుర్తించింది, మనిషిని కాపాడింది. ఆసుపత్రి డాక్టరు మాత్రం ఇది హైడ్రోజన్ సల్ఫైడ్ పనేనని రాశాడు, కానీ డాక్టరు మనిషే కదా, పొరపాటు పడతాడని కమిటీ తేల్చింది. పేరంటాలు జరిగింది జరిగినట్టు చెప్పింది. కమిటీ పెద్దాయన ఆవిడకి మంచినీళ్ళు ఇప్పించాడు.

గనిరాజు గారు ఫ్లెక్సీ కట్టించారు. ముక్కాలమ్మ మహిమ అని పైన, మూడు నామాల యంత్రం మధ్యలో, దానికంటే పెద్దగా ఆయన. ఉత్త యంత్రం ఏ ఊళ్ళోనూ ఎవర్నీ కాపాడి ఎరగదు, నామాలు పెట్టిన యంత్రం కాపాడింది, తేడా ఎక్కడుందో చిన్నపిల్లలకి కూడా అర్థమైంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తమ యంత్రాలకి నామాలు పెట్టేశాయి. నోటిని వదలాలని కూడా అందరికీ తెలుసు, పేరంటాలు ఎలా పెట్టిందో అలాగే పెట్టాలి కదా. ఆడవాళ్ళు తిరుమణి తెచ్చి, మొదటి నామం మీ చేత్తో పెట్టించండి అని ఆవిడ కాళ్ళకి దండం పెట్టేవారు.

నీలవేణి గారు వచ్చింది. పేరంటాలు చెప్పిందంతా వాళ్ళ వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుని విన్నది. మధ్యలో ఒక్కసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీ మాట నేను నమ్ముతున్నాను," అంది. "కన్నాలు మూస్తే అరిచే యంత్రం తయారుచేస్తాను. వచ్చే ఏడాదికి వస్తుంది."

"ఈ ఏడాది గుంటల్లో దిగేవాళ్ళండీ?"

నీలవేణి గారు సంచిలోంచి కాగితం తీసింది. కన్నాలు మూయరాదని అన్ని ఊళ్ళకీ నోటీసు పంపిస్తానంది. పంపించింది కూడా. చాలా ఊళ్ళలో ఆ నోటీసుకి పసుపు రాసి గుంట పక్కనే అతికించారు.

అప్పట్నుంచి పేరంటాలు తడిగుడ్డ ఒకటి భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతోంది. కొన్నిచోట్ల ఎవరూ చూడనప్పుడు తుడిచి వచ్చింది. ఆవిడ వెళ్ళగానే మళ్ళీ దిద్దారు. కొన్నిచోట్ల చెయ్యి పట్టుకుని బయటికి పంపారు. మొగుణ్ణి దక్కించిన నామం ఇంకొకరికి దక్కకూడదనే ఓర్వలేనితనం అన్నారు. పీతలంకలో కూడా కొందరు అలాగే అన్నారు, వాళ్ళ పేర్లు ఇక్కడ అనవసరం.

మొల్లేరులో గుంట బాగుచేయించి, ముక్కాలమ్మ ఉత్సవం పెట్టుకున్న రోజున ఆవిడ వెళ్ళేసరికి కొంచెం ఆలస్యమైంది. బస్సు దిగుతుండగానే మైకు వినిపించింది. గాలి బాగుంది. పరిగెత్తింది. జనాన్ని తోసుకుంటూ, తుడవండి, తుడవండి అంటూ పందిరి దాకా వచ్చింది. ఇనప తలుపు అప్పటికే పడిపోయి ఉంది. కిందనుంచి ఎవరో కుర్రగొంతు, ఉత్సాహంగా, కొంచెం నవ్వుతూ పలికింది.

"ఇందాక కంపు కొట్టిందండీ. ఇప్పుడు పోయింది."

జనం చప్పట్లు కొట్టారు. పేరంటాలు అరుపు ఆ హోరులో గుంట దాకా పోలేదు, మైకు కోసం చెయ్యి చాచింది. ఒక్క మాట చెప్పాలి, వేలు దాని నోట్లో పెట్టమని ఒక్క మాట. మైకు పట్టుకున్నాయన చేత్తోనే ఆగమని సైగ చేశాడు. ఆయన పీతలంకలో తాతబ్బాయి అనే భక్తుణ్ణి ముక్కాలమ్మ ఎలా కాపాడిందో చెబుతున్నాడు. కథ సగంలో ఉంది. అమ్మవారి కథ మధ్యలో ఆపకూడదు.